పరాయివాని హక్కు: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా న్యాయశాస్త్ర కృషి

మానవ హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభలలో రెండు మాటలు వినవస్తుంటాయి. “ఈ హక్కులు పాశ్చాత్యులు కల్పించుకున్నవి, వాటితో మనకేమి పని?” అనేది మొదటిది. “ఇవన్నీ పద్నాలుగు శతాబ్దాల క్రితమే మన గ్రంథాలలో ఉన్నాయి, ఇక ఇతరులవద్ద నేర్చుకోవలసినది ఏమున్నది?” అనేది రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా ఫలితం ఒక్కటే. రెండూ మనిషిని చదువు బాధ్యతనుండి తప్పిస్తాయి. మొదటి మాట అన్నవాడు ఐక్యరాజ్య సమితి పత్రాలను తెరవడు. రెండవ మాట అన్నవాడు ఫిఖ్హ్ గ్రంథాలను తెరవడు.

ఈ రెండు గ్రంథరాశులనూ తెరచి, ఒకదాని ప్రక్కన మరొకదానిని పెట్టి, జీవితమంతా చదివిన న్యాయశాస్త్రవేత్త ఒకరు మన తెలుగు నేలపైనే జన్మించారు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. ఉర్దూ, అరబ్బీ, ఫ్రెంచి పాఠకులకు సుపరిచితమైన ఈ పేరు తెలుగు ముస్లిం పాఠకులలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

హైదరాబాదునుండి సోర్బోన్ వరకు

హమీదుల్లా 1908 ఫిబ్రవరి 19న హైదరాబాదులో ఒక విద్వత్కుటుంబంలో జన్మించారు. జామియా నిజామియాలో ధార్మిక విద్యను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రాన్ని అభ్యసించారు. తరువాత జర్మనీ వెళ్ళి బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1935లో పారిస్‌లోని సోర్బోన్‌లో, దైవప్రవక్త (స) కాలంనాటి, నలుగురు ఖలీఫాల కాలంనాటి దౌత్య విధానంపై మరొక డాక్టరేటు పొందారు. స్వదేశం చేరి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు. ప్రవక్త (స), ఖలీఫాల కాలంనాటి లేఖలను, ఒడంబడికలను సేకరించి పరిష్కరించిన ఆయన అరబ్బీ సంపుటం 1941లో కైరోలో వెలువడింది.

ఆయన పద్ధతిలో గమనించవలసినది ఇదే. “ఇస్లాం శాంతిధర్మం” అని ఉపన్యసించడం సులభం. ఆయన ఉపన్యసించడానికి ముందు పత్రాలను వెదికారు. ఎవరితో, ఎప్పుడు, ఏ షరతులపై ఒప్పందం జరిగింది? దానిని ఎవరు ఉల్లేఖించారు? పాఠాంతరాలేమిటి? న్యాయవాది దస్తావేజును పరీక్షించినట్లు పరీక్షించి, ఆ తరువాతనే మాట్లాడారు.

‘సియర్’ అంటే ఏమిటి?

అంతర్జాతీయ న్యాయానికి ఆద్యుడు డచ్చి పండితుడు గ్రోషియస్ అని ఐరోపా పాఠ్యగ్రంథాలు చెప్పేవి. ఆయన క్రీ.శ. 1645లో మరణించారు. అయితే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడైన ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మ) మరణించినది హి.శ. 189లో, అనగా క్రీ.శ. 805లో. యుద్ధం, సంధి, రాయబారులు, ఖైదీలు, పరదేశీయులు అనే విషయాలపై ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఏర్పడిన విభాగాన్ని ‘సియర్’ అంటారు. ఆ విభాగానికి షైబానీ ప్రత్యేక గ్రంథాలే రచించారు. ఆయన ‘సియరె కబీర్’కు ఇమామ్ సరఖ్సీ (రహ్మ) విపులమైన వ్యాఖ్యానం చెప్పారు. పాలకుని ఆగ్రహానికి గురై ఖైదులో ఉన్న కాలంలో దానిని శిష్యులకు చెప్పి వ్రాయించడం మొదలుపెట్టి, విడుదలైన తరువాత ముగించారు. ఖైదీల హక్కుల గురించి ఒక ఖైదీయే చెప్పిన గ్రంథమది! దానిని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హి.శ. 1335-36 ప్రాంతంలో నాలుగు సంపుటాలుగా ముద్రించింది. హమీదుల్లా తన వృద్ధాప్యంలో దానిని ఫ్రెంచిలోకి అనువదించారు.

ఈ శాస్త్రం మూలసూత్రం ఏమిటి? పరాయివానికి కూడా చట్టం వర్తిస్తుంది. అతని హక్కు మన దయాదాక్షిణ్యం కాదు. మన ధర్మశాస్త్రం మనపై మోపిన బాధ్యత. ఎదుటివాడు దానిని పాటించినా పాటించకపోయినా ఆ బాధ్యత తొలగిపోదు.

దీనికి సరఖ్సీ చర్చించిన ఒక ఉదాహరణ చూడండి. ఇరుపక్షాలు సంధి చేసుకొని, దాని పూచీకి కొందరు మనుషులను పరస్పరం అప్పగించుకున్నాయి. “మీరు మావారిని చంపితే మేము మీవారిని చంపుతాము” అని షరతు కూడా వ్రాసుకున్నాయి. శత్రువు మాట తప్పి ముస్లింలను చంపివేశాడు. ఇప్పుడు మనవద్ద ఉన్నవారిని చంపవచ్చునా? కూడదు అన్నది షరీఅత్ తీర్పు. ఏ ప్రాణీ మరొకరి పాపభారాన్ని మోయదని దివ్య ఖుర్ఆన్ శాసించింది. ద్రోహం చేసినవాడు వేరు, మన చేతిలో ఉన్నవాడు వేరు. అధర్మమైన షరతు వ్రాసుకున్నంత మాత్రాన ధర్మం కాబోదు.

అమాన్, కౌలు

సియర్‌లో మరొక ముఖ్యాంశం ‘అమాన్’, అనగా అభయం. శత్రుదేశంనుండి వచ్చినవాడైనా అమాన్ పొందితే అతని ప్రాణానికీ ధనానికీ రక్షణ ఉంటుంది. శరణు కోరిన బహుదైవారాధకునికి శరణమిచ్చి, అతనిని సురక్షిత స్థలానికి చేర్చవలెనని తౌబా సూరా 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఈ అభయం ఇచ్చే అధికారం పాలకునికే పరిమితం కాదు. మక్కా విజయంనాడు హజ్రత్ ఉమ్మె హానీ (రజి) అనే మహిళ ఇచ్చిన అభయాన్ని దైవప్రవక్త (స) తాము ఇచ్చినదానిగానే అంగీకరించారు.

ఇది అరబ్బు దేశాలకు మాత్రమే చెందిన పాత కథ అనుకోనక్కరలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన మచిలీపట్నం రేవుకు 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి వర్తకశాలలు పెట్టారు. ఆ రోజులలో ఈ తీరాన పాలకులు వ్రాసియిచ్చే అభయపత్రాన్ని, హక్కుపత్రాన్ని ‘కౌలు’ అనేవారు. ఇది ‘మాట’, ‘వాగ్దానం’ అనే అర్థంగల అరబ్బీ పదం ‘ఖౌల్’. దివిసీమలో, గుడివాడ ప్రాంతంలో నేటికీ ప్రతి కౌలురైతు నోట ఈ పదం నలుగుతున్నది. భూమి కౌలుకు ఇవ్వడమంటే మాట ఇవ్వడమే. చిత్రమేమిటంటే, డచ్చివర్తకులు మచిలీపట్నంలో ఇటువంటి మాటపై ఆధారపడి వ్యాపారం చేస్తున్న ఆ రోజులలోనే, 1609లో, అదే కంపెనీ పక్షాన గ్రోషియస్ సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదిస్తూ గ్రంథం ప్రకటించారు.

పారిస్‌లో కాందిశీకుడు

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ఆ ప్రతినిధివర్గంలో హమీదుల్లా ఒకరు. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దానిని చర్చకు స్వీకరించింది. మరునాడే నిజాం లొంగుబాటు ప్రకటించారు. సెప్టెంబరు 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు. ఆ రాజకీయ వివాద గుణదోషాలు ఈ వ్యాసపరిధిలోనివి కావు. దాని పర్యవసానంగా హమీదుల్లా పారిస్‌లోనే ఉండిపోయారు. ఫ్రెంచి పౌరసత్వం స్వీకరించకుండా సుమారు అర్ధశతాబ్దం కాందిశీకునిగానే జీవించారు. అమాన్ గురించి గ్రంథాలు వ్రాసిన పండితుడు పరాయిదేశపు అమాన్‌లో బ్రతికారన్నమాట!

అదే సంవత్సరం డిసెంబరు 10న అదే పారిస్ నగరంలో ఐక్యరాజ్య సమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని 14వ అధికరణ పీడననుండి తప్పించుకొని పరదేశంలో శరణు కోరే హక్కును, 15వ అధికరణ జాతీయత హక్కును ప్రకటించాయి. సౌదీ అరేబియా ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నది. ఈజిప్టు, సిరియా, ఇరాన్, పాకిస్తాన్ మొదలైన దేశాలు అనుకూలంగా ఓటు చేశాయి. కాబట్టి ఆ ప్రకటనను ముస్లిం లోకమంతా త్రోసిపుచ్చిందనడం సరికాదు. ముస్లిం లోకమంతా ఏకగ్రీవంగా ఆమోదించిందనడమూ సరికాదు.

హమీదుల్లా ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశారు. 1959లో దివ్య ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం వెలువరించారు. 1980లో బహావల్‌పూర్‌లో చేసిన పన్నెండు ఉపన్యాసాలలో ఒకదానిని అంతర్జాతీయ న్యాయానికే కేటాయించారు. చివరి సంవత్సరాలు అమెరికాలో గడిపి, 2002 డిసెంబరు 17న పరమపదించారు.

ఆయన నిర్ణయాలన్నింటినీ పండితులందరూ అంగీకరించలేదు. మదీనా ఒడంబడికను ఆయన ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం అన్నారు. ఆధునిక పదాన్ని ప్రాచీన పత్రంపై మోపడం ఎంతవరకు సబబని విమర్శకులు ప్రశ్నించారు. సియర్ గ్రంథాలలో బానిసత్వానికి చెందిన నియమాలు కూడా ఉన్నాయనేది దాచవలసిన సంగతి కాదు. అవి తమ కాలపు లోకాన్ని చూసి వ్రాసిన గ్రంథాలు. వాటినుండి మనం గ్రహించవలసినది పరాయివానిపట్ల కూడా చట్టానికి కట్టుబడే నిష్ఠ.

మన తీరానికి దీనితో పనేమిటి?

2018 నవంబరులో, గుజరాత్ పడవలపై పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలరులు కొందరు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. సముద్రంమీద గీత కనబడదు. పాలకాయతిప్పనుండి పడవ ఎక్కే జాలరి దూరతీరాలకు కూలికి పోతే అతనికీ ఈ ప్రమాదం తప్పదు. 1982 సముద్ర న్యాయ ఒడంబడిక 73వ అధికరణ ప్రకారం, ప్రత్యేక ఒప్పందం లేనిదే, ఒక దేశపు ఆర్థిక మండలిలో చేపల వేట నియమాలను ఉల్లంఘించినందుకు జైలుశిక్ష వేయరాదు. 2008లో భారత్, పాకిస్తాన్‌లు చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలి. ఆ జాబితాలో పేరు చేరితేనే ఆ మనిషి ఉన్నట్లు లెక్క. అక్కడి జైలులో ఉన్న మన జాలరికి న్యాయం కోరే మనం, ఇక్కడి జైలులో ఉన్న వారి జాలరికి కూడా అదే న్యాయం కోరగలగాలి. సరఖ్సీ చెప్పినది ఇదే కదా!

ఈ పని చేయడానికి ఆవేశం చాలదు. షరీఅత్ తెలిసి ఐక్యరాజ్య సమితి ఒడంబడికలు తెలియనివారు, ఒడంబడికలు తెలిసి షరీఅత్ తెలియనివారు మనలో ఉన్నారు. రెండూ తెలిసినవారే అరుదు. మదర్సానుండి వచ్చిన విద్యార్థి న్యాయ కళాశాల మెట్లెక్కాలి. న్యాయ పట్టభద్రుడు అరబ్బీ పాఠం ముందు కూర్చోవాలి. హమీదుల్లా రచనలు, షైబానీ, సరఖ్సీల గ్రంథభాగాలు తెలుగులోకి రావాలి. అంతవరకు “మా గ్రంథాలలో అన్నీ ఉన్నాయి” అనే మాట తాళం తీయని పెట్టె గురించి చెప్పుకునే గొప్పగానే మిగిలిపోతుంది.