దిగి వస్తేనే ఎక్కినట్టు

హౌరా వీధుల నుంచి హిమాలయాలకు వెళ్ళేవాళ్ళు ఎక్కువ. తుపానుకు చిక్కి బతికి వచ్చినవాళ్ళ కథల్లో శిఖరం కన్నా గడియారానికే పెద్దపీట.

విశాఖ, చెన్నైల నుంచి కలకత్తా వెళ్ళే రైలు హౌరా ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా సంత్రాగాఛి దాటుతుంది. స్టేషన్ పక్కనే ఒక చెరువు. చలికాలంలో దాన్నిండా పక్షులు. ఎక్కువ భాగం ఈల వేసినట్టు కూసే చిన్న బాతులే అయినా, వాటి మధ్య హిమాలయాల అవతలి నుంచి వచ్చిన పింటెయిల్, గాడ్వాల్ బాతులూ కనిపిస్తాయి. పర్వతాలను దాటి అవి దిగేది రైలు కూతలు, లారీల రొద మధ్యకు. ఎండలు ముదిరేలోపే తిరిగి వెళ్ళిపోతాయి.

సరిగ్గా ఎండలు ముదిరే ఆ రోజుల్లోనే హౌరా, కలకత్తా వీధుల నుంచి మనుషులు కొండల దారి పడతారు. వాళ్ళలో నర్సులు, పోలీసు ఉద్యోగులు, డ్రైవర్లు, దర్జీలు ఉంటారు. బెంగాల్‌లో పర్వతారోహణ సైన్యానికో సంపన్నులకో పరిమితమైన ముచ్చట కాదు. మధ్యతరగతి వాళ్ళు చందాలు వేసుకుని నడుపుకునే క్లబ్బుల వ్యవహారం. హౌరాకు చెందిన ఛందా గాయెన్ 2013 మేలో ఎవరెస్టునూ, వెంటనే పక్కనున్న లోత్సేనూ ఎక్కినప్పుడు రాష్ట్రమంతా పండగ చేసుకుంది. మరుసటి ఏడాది మే 18న ఆమె కాంచన్‌జంగా శిఖరం చేరుకున్నారు. అక్కడితో ఆగకుండా పక్కనే ఉన్న యాలుంగ్ కాంగ్‌కు బయల్దేరారు. మే 20న మంచు చరియ విరుచుకుపడింది. ఆమె, వెంట ఉన్న ఇద్దరు షెర్పాలు తిరిగి రాలేదు.

ఆ తర్వాత కూడా హౌరా నుంచి కొండలకు వెళ్ళేవాళ్ళు తగ్గలేదు. వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చిందెవరు, రానిదెవరు, తేడా ఎక్కడ వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

పదిగంటల ఊపిరి

ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు. ఎనిమిది వేల మీటర్లు దాటితే ఎంత అలవాటు పడిన శరీరమైనా కోలుకోవడం మానేసి క్రమంగా క్షీణిస్తుంది. అందుకే ఆ భాగానికి మృత్యుమండలమని పేరు. ఆరోహకులు వాడే మామూలు సిలిండరులో నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే సుమారు పదిగంటలకు సరిపడే ఆక్సిజన్ ఉంటుంది. ఆఖరి శిబిరమైన సౌత్ కోల్ నుంచి శిఖరానికి వెళ్ళి రావడానికి పదహారు, పద్ధెనిమిది గంటలు పట్టవచ్చు. కాబట్టి ఒకటికి రెండు, మూడు సిలిండర్లు కావాలి. ఎక్కడ ఏది మార్చుకోవాలో ముందే లెక్క వేసుకోవాలి.

తుపాను ఆ లెక్కనే తలకిందులు చేస్తుంది. మంచు పొగలో దారి కనబడదు. గంట నడక నాలుగు గంటలవుతుంది. ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే ముందు చెడేది బుద్ధి: అలసిన మనిషికి కాసేపు కూర్చుంటే చాలుననిపిస్తుంది. గాలిలో కదలకుండా కూర్చున్న ఒంటికి వేడి నిలవదు. వేళ్ళు మొద్దుబారి, చచ్చుబడి, నల్లబడతాయి. గాలి నేరుగా చంపేది కొందరినే. ఎక్కువమందిని చంపేది గాలి వల్ల జరిగే ఆలస్యం.

మే నెలలోనే ఇంతమంది ఎందుకు వెళతారంటే, శిఖరాన్ని మోదే జెట్ స్ట్రీమ్ రుతుపవనాలకు ముందు కాస్త ఉత్తరానికి జరుగుతుంది. అప్పుడు గాలి నెమ్మదించే రోజులు కొన్నే. ఆ కొద్ది రోజుల కోసం వందలమంది ఒకే తాడు పట్టుకుని నిలబడతారు.

రెండు గంటల నియమం

పర్వత తుపాను అనగానే ప్రపంచం గుర్తు చేసుకునేది 1996 మే 10. న్యూజిలాండ్ గైడ్ రాబ్ హాల్ మధ్యాహ్నం రెండు దాటితే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగాలని తన బృందానికి చెప్పాడు. ఆ రోజు రెండు దాటాక కూడా చాలామంది ఎక్కుతూనే ఉన్నారు. సాయంత్రానికి తుపాను కమ్మింది. సౌత్ కోల్ మీద కొందరు తమ గుడారాలకు కొన్ని వందల మీటర్ల దూరంలోనే దారి తప్పి, ఒకరినొకరు హత్తుకుని రాత్రంతా గడిపారు. రష్యన్ గైడ్ అనతోలీ బుక్రియేవ్ ఒంటరిగా వెళ్ళి ముగ్గురిని తీసుకొచ్చాడు. ఇక బతకడని వదిలేసిన అమెరికన్ డాక్టర్ బెక్ వెదర్స్ మర్నాడు తనంతట తానే లేచి శిబిరానికి నడిచి వచ్చాడు. కుడిచేయి మోచేతి కింది దాకా, ఎడమచేతి వేళ్ళు, ముక్కు పోయాయి. ప్రాణం దక్కింది. రాబ్ హాల్‌కు దక్కలేదు.

అదే తుపాను టిబెట్ వైపున ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు బృందాన్నీ పట్టుకుంది. శిఖరానికి బయల్దేరిన ఆరుగురిలో ముగ్గురు వెనక్కి తిరిగారు. వాళ్ళు బతికారు. ముందుకు సాగిన త్సెవాంగ్ సమన్లా, దోర్జే మోరుప్, త్సెవాంగ్ పల్జోర్ తిరిగి రాలేదు. కొండ ఒకటే, దళం ఒకటే, తుపానూ ఒకటే. తేడా అల్లా వెనక్కి తిరగడంలోనే ఉంది.

ఒకరు ఆగితే ఒకరు బతికారు

ఇరవై ఏళ్ళ తర్వాత, 2016 మేలో, బెంగాల్ నుంచి నలుగురు ఎవరెస్టు మీద ఉన్నారు. నర్సు సునీతా హాజ్రా, కలకత్తా పోలీసు ఉద్యోగి గౌతమ్ ఘోష్, దుర్గాపూర్‌లో ఒంటి చేత్తో బట్టలు కుట్టే పరేశ్ నాథ్, బాంకురాకు చెందిన డ్రైవర్ సుభాష్ పాల్. ఆ రోజు వాళ్ళ నడక ఆలస్యమైంది. ఆక్సిజన్ అయిపోతూ వచ్చింది. చీకట్లో ఒకరికొకరు దూరమయ్యారు.

అదే రాత్రి బ్రిటిష్ మాజీ సైనికుడు లెస్లీ బిన్స్ శిఖరానికి బయల్దేరాడు. దారిలో కుప్పకూలబోతున్న సునీత కనిపించారు. తన శిఖరయాత్రను అక్కడితో విరమించుకుని ఆమెకు ఆక్సిజన్ ఇచ్చి కిందికి దించసాగాడు. దారిలో సుభాష్ పాల్ తారసపడితే ఆయన్నీ లాక్కురావాలని చూశాడు. ఇద్దరినీ మోయడం ఒకరి వల్ల కాలేదు. సునీత చేతికి మంచు కాటుతో ఇంటికి చేరారు. మిగిలిన ముగ్గురూ చనిపోయారు. ఘోష్, నాథ్‌ల భౌతికకాయాలు ఏడాదిపాటు పైనే ఉండిపోయాయి. 2017 మేలో షెర్పాలు వాటిని కిందికి తెచ్చారు.

2019 మేలో కాంచన్‌జంగా మీద అదే కథ. బెంగాల్ బృందంలోని బిప్లబ్ బైద్య, హౌరాకు చెందిన కుంతల్ కాన్‌రార్ ఎనిమిది వేల మీటర్ల పైన చిక్కుకుపోయారు. శిఖరం నుంచి దిగుతున్న నేపాలీ ఆరోహకుడు నిర్మల్ పుర్జా తన ఆక్సిజన్ ఇచ్చి చూశాడు. సాయం పైకి చేరేలోపే ఇద్దరూ కన్నుమూశారు. సహచరులు రుద్రప్రసాద్ హల్దార్, రమేశ్ రాయ్ మంచు కాటుతో బయటపడ్డారు.

వెనక్కి తిరగడం ఎందుకంత కష్టం? సగం జవాబు డబ్బులో ఉంది. ఎవరెస్టు ఎక్కడానికి నేపాల్ వసూలు చేసే అనుమతి రుసుమే 2025 సెప్టెంబర్ నుంచి 11 వేల డాలర్ల నుంచి 15 వేల డాలర్లకు పెరిగింది. షెర్పాలు, సిలిండర్లు, గుడారాలు, తిండి అదనం. సంపన్నుడికి ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. అప్పు చేసి, నగలు తాకట్టు పెట్టి, క్లబ్బు చందాలతో వెళ్ళే జీతగాడికి మరో అవకాశం ఉండదు. ఇంకో వంద మీటర్లే అనిపించిన చోట అతని కాలు వెనక్కి పడదు. అప్పుల భారం ఆరోహకుడితోపాటు కొండ ఎక్కుతుంది.

విశాఖలో మొదలై...

ఇదంతా ఎక్కడో బెంగాలీల గోల అనుకోవడానికి తెలుగువాళ్ళకు వీల్లేదు. 2014 అక్టోబర్ 12న విశాఖను చిందరవందర చేసిన హుద్‌హుద్ అక్కడితో ఆగలేదు. దాని శేషం ఉత్తరానికి సాగి, రెండు రోజుల్లో నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానై కురిసింది. 5,416 మీటర్ల థొరోంగ్ లా కనుమ దాటుతున్న వాళ్ళు అందులో చిక్కుకున్నారు. కనుమ మీద ఉన్న చిన్న టీకొట్టులో కొందరు కిక్కిరిసి తలదాచుకున్నారు. అక్కడినుంచి దిగబోయి చాలామంది మంచులో పడిపోయారు. ఆ ప్రాంతంలో మొత్తం 43 మంది చనిపోయారు. విశాఖలో రోజుల ముందే హెచ్చరిక ఉంది, లక్షలమందిని తరలించారు. కొండ మీద చాలామందికి ఆ కబురే అందలేదు.

మరుసటి ఏడాది మన మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా సంగం దగ్గరి పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక స్కూల్లో, ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివినవాడు. ఖరగ్‌పూర్‌కూ కలకత్తాకూ మధ్య రైలు సాగేది సంత్రాగాఛి మీదుగానే. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కి రికార్డు సృష్టించాడు. అంతటి అనుభవశాలి 2015 మార్చి 24న అర్జెంటీనా-చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతం మీద ఒంటరిగా వెళుతూ కనబడకుండా పోయాడు. ఉత్తర చిలీలోని అటకామా ఎడారిని అనూహ్యంగా వరదల్లో ముంచింది కూడా ఆ రోజుల వాతావరణమే. ఏప్రిల్ మొదట్లో ఆయన మృతదేహం దొరికింది. తుపాను అనుభవాన్ని చూసి తలవంచదు. పక్కన మరో మనిషి లేకపోతే సునీతకు దొరికిన అదృష్టం దొరకదు.

బతికి వచ్చినవాళ్ళ కథల్లో రహస్యమేమీ లేదు. వాతావరణం కబురు అందడం, గంట కొట్టగానే వెనక్కి తిరగడం, ఒక సిలిండర్ మిగిలి ఉండడం, కూర్చోకపోవడం, కదలగలిగితే కదలడం, దారి తెలియకపోతే ఒకరినొకరు వదలకుండా హత్తుకుని ఉండడం. వీటిలో చాలావరకు మనిషి చేతిలో ఉన్నవే. చేతిలో లేనిది ఒక్కటే: తన శిఖరాన్ని వదులుకుని మనకోసం ఆగే అపరిచితుడు.

శిఖరం నుంచి పంపే ఫొటో మర్నాటి పేపర్లో వస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం అప్పటికి సగం దారే అయిందని లెక్క వేసుకుంటూ ఉంటారు. వాళ్ళ లెక్కే సరైంది.