సాకెట్ అతికినా... పొంతన కుదరాలి!

కర్నూలు, కడప: అసెంబుల్డ్ కంప్యూటర్ అనగానే నాలుగు వస్తువులు కొని స్క్రూలు బిగించడమేనని చాలామంది భావిస్తుంటారు. పద్దులు రాసుకోవడానికి వాడే యంత్రం విషయంలో అది కొంతవరకు నిజమే. ఆటల కోసం కూర్పించుకునే గేమింగ్ కంప్యూటర్ సంగతి వేరు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్... ఇవన్నీ ఒకదానికొకటి సరిపడాలి. ఒక్కటి తేడా వచ్చినా మిగిలినవాటిపై పెట్టిన సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే. ఖర్చు చూస్తే అర లక్షకు తగ్గదు. శనగలు అమ్మిన డబ్బుతోనో, కొలువులో చేరిన అన్న పంపిన జీతంతోనో కొనే కుటుంబాలకు అది చిన్న మొత్తమేమీ కాదు.

సీమ వాసులకు మరో చిక్కు ఉంది. సాధారణ విడిభాగాలు స్థానిక దుకాణాల్లోనే లభిస్తాయి గానీ, కోరిన నమూనా బోర్డో, గ్రాఫిక్స్ కార్డో కావాలంటే పెద్ద నగరాల బాట పట్టవలసిందే. కర్నూలు వారు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తుంటారు. కడప వారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ అందుబాటు. రెండూ ఇంచుమించు 250 కిలోమీటర్లే. ఇంటికొచ్చి అట్టపెట్టె తెరిచాక పొంతన కుదరలేదని తెలిస్తే మళ్లీ బస్సెక్కాలి. సీలు తీసిన ప్రాసెసర్‌ను వెనక్కి తీసుకునే వ్యాపారులు అరుదు. అందుకే కొనకముందే కాగితంపై లెక్క సరిచూసుకోవడం ఇక్కడి వారికి మరింత అవసరం.

గూడు ఒకటే... కాపురం వేరు

ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. డెస్క్‌టాప్‌లకు వాడే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో 1000 నుంచి 5000 శ్రేణి వరకు ఏఎం4 సాకెట్‌కు చెందినవి. 2022లో వచ్చిన 7000 శ్రేణితో ఏఎం5 మొదలైంది. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్, 2024 అక్టోబరులో విడుదలైన కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ 1851 సాకెట్ కావాలి. ఒకదానిది మరొకదానికి పట్టదు.

అయితే సాకెట్ కలిసినంత మాత్రాన పని అయిపోదు. ఇంటెల్ 6, 7 తరాలకూ, 8, 9 తరాలకూ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అనే ఉంటుంది. ప్రాసెసర్ గూట్లో చక్కగా కూర్చుంటుంది కూడా. అయినా 2017లో వచ్చిన 8వ తరం ప్రాసెసర్ పాత 100, 200 శ్రేణి చిప్‌సెట్ బోర్డులపై పనిచేయదు. దానికి 300 శ్రేణి చిప్‌సెట్ బోర్డే ఉండాలి. పాత బోర్డు చవకగా దొరికిందని సంబరపడేవారు దెబ్బతినేది ఇక్కడే.

మూడో మెట్టు బయోస్. 2018 నాటి బి450 బోర్డుపై 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్‌ను బిగిస్తే, బోర్డులో పాత బయోస్ ఉన్న పక్షంలో ఫ్యాన్లు తిరుగుతాయి, తెరపై బొమ్మ మాత్రం రాదు. బోర్డు చెడిపోయిందని అనుకోవడం పొరపాటు. ఏ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో బోర్డు తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డుకైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించవచ్చు. ఆ మీట లేకుంటే దుకాణంలోనే ఎక్కించి ఇమ్మని అడగాలి. ఇంట్లో ఎక్కించేవారు యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోరాదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలన పడే ప్రమాదం ఉంది.

పేరు చివరి అక్షరాన్నీ తేలికగా తీసుకోకూడదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ లేనట్లే. రైజెన్ 5 5600కూ సొంత గ్రాఫిక్స్ లేవు, 5600జీకి ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డును పంట చేతికొచ్చాక కొందామని వాయిదా వేసుకునేవారు ‘ఎఫ్’ రకం కొంటే, కార్డు వచ్చేదాకా తెర వెలగదు.

ర్యామ్: పొడవు ఒకటే, గాటు వేరు

డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లు చూపులకు కవల పిల్లలే. రెండింటికీ 288 కాంటాక్టులే ఉంటాయి. అడుగున గాటు ఉండే చోటు మాత్రం మారుతుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. ఏఎం4కు డీడీఆర్4, ఏఎం5కు, ఎల్‌జీఏ 1851కు డీడీఆర్5 వాడాలి. ఎల్‌జీఏ 1700లో రెండు రకాల బోర్డులూ వచ్చాయి కనుక బోర్డు పెట్టెపై రాసింది చదివి కొనాలి. 16 జీబీ ఒక్కటి కాకుండా 8 జీబీవి రెండు వేస్తే ఆటల్లో వేగం పెరుగుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో వాటిని అమర్చాలి. తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకుంటే, పెట్టెపై రాసిన వేగం చాలా సందర్భాల్లో అందదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ కారణంగా 2025 చివరలో ర్యామ్ ధరలు భారీగా పెరిగాయి. పాత ధరలు చూసుకుని వేసిన బడ్జెట్‌ను కొనేరోజు మరోసారి సరిచూసుకోవాలి.

కార్డు పొడవు, పెట్టె లోతు

గ్రాఫిక్స్ కార్డు ఏ తరానిదైనా పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పడుతుంది. అయితే 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటివి నాలుగు లేన్లతోనే పనిచేస్తాయి కనుక, పీసీఐ 3.0 బోర్డుపై వాటి వేగం తగ్గుతుంది. మూడు ఫ్యాన్ల కార్డుల్లో 300 మిల్లీమీటర్లు దాటేవి చాలా ఉన్నాయి. క్యాబినెట్‌లో అంత చోటుందో లేదో కొలుచుకోవాలి. ఏటీఎక్స్ బోర్డు 305, 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ 244, 244. పెద్ద బోర్డు చిన్న పెట్టెలో ఎటు తిప్పినా పట్టదు. మానిటర్ వైరును బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. లేకుంటే కార్డు కొన్నా కొననట్లే.

పాత ఆఫీసు కంప్యూటర్ కొని, అందులో గ్రాఫిక్స్ కార్డు బిగిద్దామనే ఆలోచనా చాలామందిలో ఉంది. బ్రాండెడ్ ఆఫీసు యంత్రాల్లో ఎస్‌ఎంపీఎస్, దాని వైర్లు తరచూ ప్రత్యేక కొలతల్లో ఉంటాయి. కార్డుకు కావలసిన అదనపు పవర్ వైరు ఉండకపోవచ్చు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0తోపాటు ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 శ్రేణి, ఆపై ప్రాసెసర్ ఉండాలన్నది ఆ సంస్థ నిబంధన. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలన్నా టీపీఎం తప్పనిసరి. ఇక సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవారు దాన్ని అరగంటపాటు భారీ ఆటతో నడిపించి చూడాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులెన్నో పాత సరుకుల మార్కెట్‌కు చేరాయి.

వాట్లు చూడొద్దు, ఆంపియర్లు చూడండి

అన్నింటికన్నా ఎక్కువ మోసపోయేది ఎస్‌ఎంపీఎస్ విషయంలోనే. అంకెలు, మెరుపులు లేని వస్తువు కనుక చివర మిగిలిన డబ్బుతో కొంటారు. నిజానికి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాడుకునేది దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే. చీటీపై 450 వాట్లని పెద్ద అక్షరాలుండి, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లే ఉంటే, 12ను 18తో గుణించగా వచ్చేది 216 వాట్లు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 కార్డు 165 వాట్లు తీసుకుంటాయి. రెండూ కలిపి 282. ఆట ఊపందుకున్న సమయానికి యంత్రం టప్పున ఆగిపోవడానికి కారణం ఇదే. ఇలాంటి జతకు పేరున్న సంస్థ తయారుచేసిన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ నిశ్చింత. ఒక సంస్థ మాడ్యులర్ వైర్లను మరో సంస్థ ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించరాదు. పిన్నుల వరుస మారి డిస్కులు కాలిపోతాయి.

వేసవిలో వోల్టేజీ దిగజారే ఊళ్లలో ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునేదే కొనాలి. సాధారణ 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మాత్రమే ఇస్తుంది. గేమింగ్ యంత్రం, మానిటర్ కలిస్తే అది అంచుకు చేరుతుంది. 1000 వీఏ ఉంటే మేలు. ఇంటి ఇన్వర్టర్‌కు కలిపేవారు అది సైన్‌వేవ్ రకమో కాదో తెలుసుకోవాలి.

ఎర్తింగ్ గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. రాతి నేలలు, ఎండిన మట్టి ఉన్న సీమలో ఎర్త్ గుంత తడి ఆరిపోతే ఎర్తింగ్ పనిచేయదు. క్యాబినెట్‌పై చేయి పెడితే చిమచిమలాడటం దానికి గుర్తు. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించాలి. రెండు, మూడు వోల్టులకు మించితే గుంతలో ఉప్పు, బొగ్గు నింపించి, వేసవిలో తరచూ నీళ్లు పోయాలి. ఇందుకయ్యే ఖర్చు చేజారిన ఒక్క కార్డు ధరలో పదో వంతు కూడా ఉండదు.

43 డిగ్రీల్లో ఆట

చల్లని గదుల్లో పరీక్షించి రాసిన సమీక్షలను ఇక్కడ యథాతథంగా నమ్మరాదు. గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, 43 డిగ్రీల కర్నూలు మధ్యాహ్నం 93కు చేరుతుంది. 95 నుంచి 100 డిగ్రీల మధ్య ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అద్దాల ముఖం ఉన్న అందమైన పెట్టె కన్నా, ముందు జల్లెడ లాంటి జాలీ, దుమ్మును ఆపే ఫిల్టరు ఉన్న క్యాబినెట్ సీమకు తగినది. ప్రాసెసర్ కూలర్ ఎత్తు క్యాబినెట్ అనుమతించే ఎత్తుకు మించకూడదు. నీళ్ల ఎయిర్ కూలర్ గాలిని నేరుగా యంత్రంపైకి వదలరాదు. తేమ, దుమ్ము కలిసి బోర్డుపై పేరుకుంటాయి. నెలకోసారి దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి.

కొన్న ప్రతి వస్తువు సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లుపై రాయించుకోవాలి. ఇడుపులపాయ ఆర్కే వ్యాలీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం వంటి సంస్థల విద్యార్థులకు ఇదే గ్రాఫిక్స్ కార్డు ప్రాజెక్టులకూ అక్కరకొస్తుంది కనుక, మూడేళ్ల వారంటీ ఉన్నది ఎంచుకుంటే చదువు ముగిసే వరకు ధీమా ఉంటుంది. కార్డును వారంటీ కింద పంపవలసి వస్తే కావలసి ఉంటుంది కాబట్టి అట్టపెట్టెలను అటక మీద భద్రపరచాలి.