ఆయన ఎందుకు లేచి నిలబడరు?

ఆదివారం ఆరాధనలో పాట మొదలుకాగానే అందరం లేచి నిలబడతాం. ఉద్దానం పల్లెలోని మా సంఘంలో ఒక పెద్దాయన మాత్రం బెంచీ పట్టుకుని కూర్చునే ఉండేవారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లివచ్చే మనిషి. జబ్బుతో పాటు బద్ధకం కూడా వచ్చిందని కొందరం గుసగుసలాడుకున్నాం. ఒకరోజు పరామర్శకు వెళ్తే ఆయన భార్య చెప్పింది: “లేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి తమ్ముడూ. రాత్రయితే అరికాళ్ల మంటలు. కాళ్లు కదపకుండా క్షణం ఉండలేరు.”

అది బద్ధకం కాదు, నరాల జబ్బు.

మూత్రపిండాలు పనిచేయనప్పుడు మలినాలు రక్తంలో నిలిచిపోయి నరాలను దెబ్బతీస్తాయి. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి గనుక బాధ పాదాల నుండే మొదలవుతుంది. మేజోళ్లు తొడిగినంత మేర తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్లుండటం. కాలి నుండి చెప్పు జారినా తెలియదు. షుగరు కూడా ఉంటే ఈ బాధ ఇంకా ఎక్కువ.

మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు మరికొన్ని ఉన్నాయి. గుండె వేగం, రక్తనాళాల బిగువు, చెమట, జీర్ణం వీటి చేతిలోనివే. మనం లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వెంటనే ఈ నరాలు రక్తనాళాలను బిగించి, గుండెను కాస్త వేగంగా కొట్టిస్తాయి. నరాలు దెబ్బతిన్నవారిలో ఆ పని సరిగా జరగదు, బీపీ పడిపోతుంది. అందుకే డాక్టర్లు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తారు. మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గితే అనుమానించవలసిందే.

డయాలసిస్ బల్ల మీద కూడా ఇదే చిక్కు. రెండు రోజులుగా ఒంట్లో చేరిన నీటిని మిషను సుమారు నాలుగు గంటల్లో తీసేస్తుంది. నరాలు రక్తనాళాలను బిగించలేకపోతే బీపీ పడి వాంతి, పిక్కలు పట్టేయడం, స్పృహ తప్పడం. ఆ భయంతో మా పెద్దాయన ఒక వారం రెండుసార్లు మానేశారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మానేస్తే మలినాలతో పాటు పొటాషియం పెరుగుతుంది. అది నరాలను బాధించడమే గాక గుండెను ఆపేయగలదు.

అమెరికాలోని సియాటిల్‌లో 1960లో డాక్టర్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా గొట్టం అమర్చి డయాలసిస్ చేసిన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో పదకొండేళ్లు బ్రతికారు. చాలినంత డయాలసిస్ అందకపోతే కాళ్లు పట్టు తప్పుతాయనీ, పెంచితే కుదుటపడతాయనీ వైద్యులు ఆ తొలి సంవత్సరాల్లోనే గ్రహించారు. మూత్రపిండం మార్పిడి జరిగినవారిలో నరాలు ఇంకా బాగా కోలుకుంటాయి.

మన ఉద్దానంలో షుగరు లేని రైతులకు, కూలీలకు కూడా ఈ మూత్రపిండాల జబ్బు ఎందుకు వస్తుందో ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కొబ్బరితోటల సీమ గనుక ఒక మాట చెప్పక తప్పదు. రోగిని చూడబోతూ ప్రేమతో బొండాలు, అరటిపళ్లు పట్టుకెళ్తాం. వాటిలో పొటాషియం ఎక్కువ. నేనూ తీసుకెళ్లినవాడినే! ఆమె సిగ్గుపడుతూ వాటిని పిల్లలకిచ్చేసింది.

ఇంట్లోవారు చేయగలిగింది చాలా ఉంది. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది, డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య బరువు పెరగదు. డయాలసిస్ రోజున బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి, సొంతంగా మానకూడదు. బల్ల మీద ఉండగా కడుపునిండా తింటే బీపీ మరింత పడుతుంది. స్పర్శ తెలియదు గనుక స్నానపు నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి, రోజూ పాదాలు పరీక్షించాలి. కాళ్ల మంటలకు పక్కింటివారి మాత్ర అసలు వద్దు. నరాల మందులు కొన్ని మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. ఈ రోగులకు వాటిని చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. కాళ్లు కదుపుతూనే ఉండేవారికి రక్తంలో ఇనుము తగ్గిందేమో కూడా చూస్తారు.

కళ్లు తిరిగే సంగతి పెద్దాయన చివరికి నర్సుకు చెప్పారు. నీరు కొంచెం నెమ్మదిగా తీస్తున్నారు. ఇప్పుడు ఒక్కసారీ మానడం లేదు. తెల్లవారి మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, రెండు నిమిషాలు పాదాలు ఆడించి, భార్య భుజం పట్టుకుని లేస్తారు. గుడిలో మాత్రం కూర్చునే పాడతారు. ఆయన గొంతు వెనక వరస దాకా వినబడుతుంది.