తుపాకీ గొట్టం అరిగితే గురి ఏమవుతుంది?

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని అడిగితే, కాకినాడలో చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి.లో తెలుసుకున్న ఒక సంగతి గుర్తుకొచ్చింది. మన హాస్టల్ పిల్లలు ఏటా కొందరు ఎన్.సి.సి.లో చేరుతూనే ఉంటారు. వాళ్లకి ఇది పనికొస్తుంది. చేరనివారికి కూడా ఇందులో ఒక మాట ఉంది.

మా గదిలో ఉండే ఒక కుర్రాడు మంచి గురికాడు. 25 గజాల నుంచి అయిదు తూటాలు పేలిస్తే అయిదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేవి. సరిగ్గా కేంపుకి టీమును ఎంపిక చేసే వారంలో ఆ రంధ్రాలు అరచెయ్యంత మేర చెదిరిపోయాయి. "చెయ్యి వణుకుతోంది" అన్నారు కొందరు. "హాస్టల్ వాళ్లకి ఇంతకన్నా ఏం వస్తుందిలే" అని ఒకడు నవ్వాడు. ఆ రాత్రి వాడు చాప మీద కూర్చుని, "నా వల్ల కాదురా, రేపు పేరు తీసేయించుకుంటాను" అన్నాడు. తర్వాత ఏం జరిగిందో చివర చెబుతాను. ముందు గొట్టం సంగతి తెలుసుకుందాం.

గొట్టం లోపల ఏముంది?

రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటినే రైఫ్లింగ్ అంటారు. రైఫిల్‌కి ఆ పేరు వచ్చింది వీటివల్లే. తూటా తలలో ఉండే గుండు ఈ గాడుల్లో ఇరుక్కుని, తిరుగుతూ బయటికి వస్తుంది. బొంగరం తిరుగుతున్నంతసేపూ ఎలా పడిపోదో, తిరిగే గుండు కూడా గాలిలో అలా దొర్లిపోకుండా ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. మనం పేల్చే పాయింట్ టూ టూ రైఫిల్లో సాధారణంగా 16 అంగుళాలకి ఒక చుట్టు ఉంటుంది. గుండు వేగం సెకనుకి సుమారు 320 మీటర్లు. లెక్క వేసి చూడండి, సెకనుకి దాదాపు 800 చుట్లు తిరుగుతుందన్నమాట!

ఎక్కడ అరుగుతుంది?

గుండు రాసుకుని గొట్టం అరుగుతుందని చాలామంది అనుకుంటారు. కాని సైన్యం వాడే పెద్ద రైఫిళ్లలో అసలు శత్రువు వేడి. మందు మండినప్పుడు పుట్టే వాయువుల వేడి, ఉక్కు కరిగే వేడికన్నా ఎక్కువ. అది ఒకటి రెండు మిల్లీసెకన్లే ఉంటుంది కనుక గొట్టం కరగదు. కాని గాడులు మొదలయ్యే చోట, అంటే గొట్టం గొంతు దగ్గర, లోపలి పొర గట్టిపడి ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు తీస్తుంది. వేల తూటాలు పేలాక ఆ నెర్రెలు పెరిగి గాడుల మొదళ్లు కొట్టుకుపోతాయి. అప్పుడు గుండు గాడుల్ని అందుకునే లోపు కొంత ఖాళీ దాటాలి. ఆ ఖాళీలో అది కాస్త ఒరిగినా గురి తప్పుతుంది.

ఇది కొత్త సమస్య కాదు. ఇంగ్లాండులో 1888లో వచ్చిన లీ మెట్‌ఫర్డ్ రైఫిల్ గాడులు లోతు తక్కువ. తర్వాత కార్డైట్ అనే కొత్త మందు రాగానే ఆ గాడులు త్వరగా అరిగిపోయాయి. అందుకే 1895లో లోతైన గాడులతో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తెచ్చారు. బోయర్ యుద్ధం తర్వాత కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్ పాలు 58 శాతం నుంచి 30 శాతానికి తగ్గించారు. వేడి తగ్గి గొట్టాల ఆయుష్షు పెరిగింది.

వేడే కారణమనడానికి ఇంకో ఉదాహరణ చూడండి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందే ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెళుతుంది. కనుక దాని గొట్టం అరుగుదల బహు తక్కువ. మన పాయింట్ టూ టూలో మందు కొంచెమే, గుండు మెత్తని సీసం. దాని గొట్టం వేల మీద వేల తూటాలకి తట్టుకుంటుంది. వేగం బాగా ఎక్కువున్న పోటీ రైఫిళ్లకైతే రెండు మూడు వేల తూటాలకే గొట్టం మార్చాల్సి రావచ్చు.

మరి మన రైఫిల్ ఎందుకు చెడుతుంది?

తుడవడం వల్లే! వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. పుల్ త్రూ తాడుని వెనక నుంచి వేసి మూతి వైపు నుంచి లాగుతాం కదా. తాడుకి దుమ్ము అంటుకుని, పక్కకి వంచి లాగితే అది ఆకురాయిలా మూతి అంచుని కోస్తుంది. గుండు గొట్టాన్ని చివరిసారి తాకేది ఆ అంచునే. ఒక పక్క అరిగితే ఆ పక్క నుంచి వాయువు ముందుగా తన్నుకొచ్చి గుండుని ఒక వైపుకి నెడుతుంది. లోపల గాడులు ఎంత బాగున్నా ఇక ప్రయోజనం ఉండదు.

గురి నిలబెట్టుకునే పద్ధతులు

1. పుల్ త్రూ తాడు శుభ్రంగా ఉండాలి. ఒకరు రైఫిల్ పట్టుకోవాలి, ఒకరు తాడుని గొట్టానికి తిన్నగా లాగాలి.

2. తుడవడానికి చిందీ 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉండాలి. నూనె రాయడానికి వెడల్పు ఒకటిన్నర అంగుళం చాలు.

3. కాకినాడది సముద్రపు గాలి. ఫైరింగ్ అయ్యాక నూనె రాయకపోతే తుప్పు పట్టి లోపల గుంటలు పడతాయి. మళ్లీ ఫైరింగ్‌కి ముందు ఆ నూనె పూర్తిగా తుడవాలి. లేకపోతే మొదటి తూటాలు గురి తప్పుతాయి.

4. పెద్ద రైఫిల్‌ని చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా ఆపకుండా పేల్చకూడదు. చల్లారనివ్వాలి.

5. గొంతు అరిగేకొద్దీ గుండు వేగం కాస్త తగ్గి దెబ్బ కిందికి దిగవచ్చు. అప్పుడప్పుడు సైటు సరిచూసుకోవాలి. తూటాలు తామే తయారు చేసుకునే పోటీ షూటర్లు గుండుని కాస్త ముందుకి అమర్చి ఆ ఖాళీ తగ్గిస్తారు. మూతి అరిగితే ఆర్మరర్ దాన్ని కొంచెం కోసి కొత్తగా చదును చేయగలడు. ఇవేవీ పనిచేయనప్పుడే గొట్టం మార్చడం.

6. అన్నిటికన్నా ముఖ్యం, నోటు పుస్తకం. తేదీ, రైఫిల్ నంబరు, ఎన్ని తూటాలు, గ్రూపు ఎంత వెడల్పు అన్నది ప్రతిసారీ రాసుకోవాలి. అరుగుదల ఒక్క రోజులో రాదు. గ్రూపు ఒక్క వారంలో చెదిరితే గొట్టం గొంతు అరిగిందనుకోవద్దు. సైటు వదులైందా, మరలు వదులయ్యాయా, తూటాల పెట్టె మారిందా, రైఫిలే మారిందా చూడాలి.

ఇక మా కుర్రాడి సంగతి

మర్నాడు వాడు పేరు తీసేయమని అడిగితే ఉస్తాద్ ఏమీ అనలేదు. "నీ కాపీ చూపించు" అన్నారు. వాడికి లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల్లో అన్నీ రాసుకునే అలవాటు. చూస్తే ఆ వారం రైఫిల్ నంబరు వేరు! ఉస్తాద్ ఆ రైఫిల్‌ని ఇంకో మంచి గురికాడికి ఇచ్చారు. వాడి గ్రూపూ చెదిరింది. మావాడికి పాత రైఫిల్ ఇచ్చారు. మళ్లీ రూపాయి బిళ్లే. అప్పుడు చెడిన రైఫిల్ మూతి మీద టార్చి వేసి చూపించారు. గుండ్రంగా ఉండాల్సిన అంచు ఒక పక్క కోడిగుడ్డులా సాగి ఉంది.

ఆ రైఫిల్‌ని ఆ ఏడాదంతా ఎక్కువగా తుడిచింది నేనే. గోడకి ఆనుకుని, తాడుని పక్కకి లాగి, అద్దంలా మెరిపించానని గర్వపడేవాణ్ణి. నాకన్నా ముందు ఎందరు అలా లాగారో తెలియదు గాని, అందులో నా చెయ్యీ ఉంది. వాడికి చెప్పి క్షమించమన్నాను. "పోనీలేరా, చెయ్యి నాది కాదని తెలిసింది కదా" అన్నాడు. టీములో వాడి పేరు నిలిచింది.

తమ్ముళ్లూ, మార్కులు తగ్గినా, ఆట తప్పినా "నా వల్ల కాదు" అనేమాట మన నోటికి తొందరగా వస్తుంది. పక్కవాళ్లు కూడా ఆ మాట తొందరగానే అందిస్తారు. అది ఒప్పుకునే ముందు నోటు పుస్తకం తీయండి. లోపం చేతిలో ఉందా, పనిముట్టులో ఉందా అని మార్చి మార్చి చూడండి. చేతిలో ఉంటే సాధన చేద్దాం. పనిముట్టులో ఉంటే బాగు చేయిద్దాం. చూడకుండా పేరు మాత్రం తీసేయించుకోవద్దు.

— మీ పూర్వ విద్యార్థి