పాత ఇంజిన్‌కు కొత్త పెట్రోలు

పాతకాలపు కారు పునరుద్ధరణ అనగానే చాలామంది దృష్టి రంగు మీదకు, క్రోమియం పూత మీదకు, సీట్ల మీదకు పోతుంది కానీ, ఆ కారు మళ్లీ రోడ్డెక్కి పదేళ్లు తిరుగుతుందా, రెండు నెలలకే తిరిగి షెడ్డుకు చేరుతుందా అన్నది బానెట్ కింద జరిగే పనిని బట్టే తేలుతుంది. మన దేశంలో ఇలా పునరుద్ధరణకు వచ్చే కార్లలో ముఖ్యమైనవి రెండు: బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ ఒకటి, ముంబయిలోని కుర్లాలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన కారు మరొకటి. చిరకాలం వాటిలో వాడిన 1,489 సి.సి., 1,089 సి.సి. పెట్రోలు ఇంజిన్లు రెండూ కార్బొరేటర్‌తో నడిచేవే, సీసం కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని రూపొందినవే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఆ పెట్రోలు కాదు కాబట్టి, పాత ఇంజిన్‌ను పూర్వస్థితికి తెచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. తన కాలంలో లేని ఇంధనానికి దాన్ని సిద్ధం చేయాలి.

ఏళ్ల తరబడి కదలని కారుకు కొత్త బ్యాటరీ తగిలించి వెంటనే సెల్ఫ్ కొట్టడమంత హాని మరొకటి లేదు. సిలిండర్ గోడలకూ పిస్టన్ రింగులకూ మధ్య ఉండే సన్నని నూనె పొర కాలక్రమంలో జారిపోయి, ఆ చోట తుప్పు పట్టి, రింగులు గోడలకు అతుక్కుపోయి ఉంటాయి. ఇంజిన్ జామ్ అయిందని మెకానిక్కులు అనేది ఈ స్థితినే. ఆ దశలో మోటారు బలంతో తిప్పితే రింగులు విరగడమో, సిలిండర్ గోడ మీద గీతలు పడడమో ఖాయం, గీతలు పడ్డాక బోర్ వేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయడం తప్ప దారి ఉండదు. అందుకే మొదట స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో తుప్పును వదిలించే పలుచని నూనె కొద్దిగా పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. ఆ తరువాత కారును న్యూట్రల్‌లో ఉంచి ముందు భాగంలోని హ్యాండిల్‌తో చేతి బలంతోనే కొద్దికొద్దిగా కదపాలి. కదలనంటే ఇంకో వారం నాననివ్వాలి తప్ప, హ్యాండిల్‌కు గొట్టం తొడిగి బలం పెంచకూడదు. ఇంజిన్ స్వేచ్ఛగా తిరిగిన తరువాత పాత నూనె తీసేసి, సంపు అడుగున పేరుకున్న మడ్డిని శుభ్రం చేసి, కొత్త నూనె, కొత్త ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చిందని నిర్ధారించుకోవాలి. బేరింగులకు నూనె అందక ముందే నిప్పురవ్వ ఇవ్వడం వాటిని పొడిగా అరగదీయడమే అవుతుంది.

నూనె ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఈ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ మీది గుబ్బలు టాపెట్ల అడుగుభాగాన్ని రాసుకుంటూ తిరుగుతాయి. ఆ ఒరిపిడిలో లోహాన్ని కాపాడేది నూనెలో కలిపే జింకు, భాస్వరాల సమ్మేళనం. పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్లకు భాస్వరం హాని చేస్తుంది కాబట్టి కొత్త కార్ల కోసం చేసే నూనెల్లో దాని పాలు తగ్గించారు. ఖరీదైన పలుచని సింథటిక్ నూనె కంటే, ఆ సమ్మేళనం తగినంత ఉన్న 20డబ్ల్యు-50 రకం చిక్కని నూనె ఈ కార్లకు మేలు. నీటి వ్యవస్థ విషయంలో బ్లాకు లోపలి తుప్పు బురదను కడిగించడం, పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చడం చాలు.

ఇంధన వ్యవస్థలో పని ట్యాంకుతో మొదలవుతుంది. నిలిచిన పెట్రోలులోని తేలికైన భాగాలు ఆవిరైపోయి, మిగిలినది గాలితో కలిసి వార్నిష్ వంటి జిగురుగా మారుతుంది, పైభాగంలోని ఖాళీలో చేరిన తేమ రేకును తుప్పు పట్టిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ట్యాంకును దింపి, నిమ్మ ఉప్పు ద్రావణంతోనో, తుప్పును కరిగించే మరో ద్రావణంతోనో లోపల శుభ్రం చేసి, వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. చిల్లు పడితే మాత్రం వీధి చివరి వెల్డింగు దుకాణానికి పంపకూడదు, ఎందుకంటే నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం; అందులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. లోపల పూసే సీలింగ్ రసాయనాలు చివరి ఉపాయంగానే వాడదగినవి, సరిగా శుభ్రం కాని రేకు మీద పూసిన పూత కొన్నాళ్లకు పొరలుగా ఊడి పైపులను మూసేస్తుంది.

ట్యాంకు నుంచి పెట్రోలును లాగి కార్బొరేటర్‌కు పంపే పంపులో డయాఫ్రమ్ అనే మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఇంజిన్‌కు బిగించిన యాంత్రిక పంపులో అది చిరిగితే పెట్రోలు బయట కారకుండా నేరుగా సంపులోకి దిగి నూనెను పలుచన చేస్తుంది కాబట్టి, ఆయిల్ కొలపుల్ల తీసినప్పుడు మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఇంజిన్‌ను ఇక నడపకూడదు.

కార్బొరేటర్ విప్పడం ఓపికతో కూడిన పని. ఫ్లోట్ గిన్నె మూత తెరిస్తే అడుగున గోధుమరంగు జిగురు, అంచుల వెంట తెల్లని పొడి కనిపిస్తాయి. ఈ పొడి తేమ వల్ల లోహం తినుకుపోయి ఏర్పడినది. పెట్రోలు పాలును కొలిచి వదిలే ఇత్తడి జెట్ల రంధ్రాలను తీగతో పొడవకూడదు, ఇత్తడి మెత్తన గనుక రంధ్రం రవ్వంత పెద్దదైనా కొలత చెడుతుంది. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదితే సరిపోతుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూస్తే లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వినిపించవచ్చు. అనుమానం ఉంటే వేడినీటిలో ముంచితే చాలు, చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. పెట్రోలును ఆపే సూది మొన చుట్టూ గాడి పడితే ఆ సూది మార్చాల్సిందే. త్రాటిల్ ఇరుసు అరిగి వదులైతే అక్కడి నుంచి గాలి లోపలికి పోతుంది, ఇక ఎన్ని స్క్రూలు తిప్పినా ఐడిల్ నిలవదు.

పెట్రోలులో సీసం పోవడం వల్ల వచ్చిన ఇబ్బంది వాల్వులది. దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. దహనంలో సీసం వదిలే పూత, వాల్వుకూ అది కూర్చునే సీటుకూ మధ్య మెత్తలా ఉండి అరుగుదలను ఆపేది; అంబాసిడర్ పోత ఇనుప హెడ్‌లో నేరుగా చెక్కిన సీట్లు ఆ రక్షణ లేకుండా, ముఖ్యంగా ఎక్కువ వేగంతో దూరప్రయాణాలు చేసినప్పుడు, అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాప్ ప్రతిసారీ తగ్గిపోతూ ఉంటే ఇదే కారణం కావచ్చు. ఎలాగూ హెడ్ దింపినప్పుడు గట్టి లోహపు సీటు రింగులు వేయిస్తే ఈ బాధ తీరుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు నెమ్మదిగా తిరిగే కారుకు దీనికోసమే హెడ్ దింపవలసిన పని లేదు.

ఇథనాల్ విషయం ఇంతకంటే తీవ్రమైనది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి సాధారణ ఇంధనమైంది. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరుగుతుంది, కానీ అది పాత రబ్బరును, కార్కు గ్యాస్కెట్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు పరిమితి దాటితే దానితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు, అంటే పైపు పీల్చే చోటికే చేరుతుంది. పైగా పాత జిగురును అది కరిగించి పైపుల్లోకి తోస్తుంది. అందువల్ల రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్, సీళ్లు అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చి, కనబడే చోట ఒక ఫిల్టరు బిగించాలి. ఇందులో మరో చిక్కుంది: మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 రెట్లే చాలు. పాత జెట్ దీన్ని పసిగట్టలేదు గనుక మిశ్రమం పలుచబడి, ఇంజిన్ లాగలేకపోతూ మామూలు కంటే వేడెక్కుతుంది. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేసి, నడిపాక ప్లగ్గు మొన రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు ఇంకా తక్కువ, లేత గోధుమరంగు ఉంటే సరైన పాలు, నల్లని మసి ఉంటే ఎక్కువ.

ఈ శ్రమ ఎందుకని వేరే కారు కార్బొరేటర్‌నో, ఇంజిన్‌నో బిగించే అలవాటు ఉంది కానీ, అది కారు చరిత్రను చెరిపేయడమే. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి. జెట్టు, గొట్టం, సీటు రింగు వంటి మార్పులు బయటికి కనబడవు, అవసరమైతే వెనక్కి తీసుకోదగినవి.

కారు రోడ్డెక్కిన తరువాత తొలి 500 కిలోమీటర్లకే నూనె మార్చి, టాపెట్లు సరిచూసి, ఫిల్టరులో చేరిన తుప్పు పొడిని గమనించాలి. అది తగ్గకుండా వస్తూనే ఉంటే ట్యాంకును మరోసారి దింపక తప్పదు. నెలల తరబడి నిలపవలసి వస్తే, ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును పూర్తిగా తీసేసి, తేమ చేరే ఖాళీ మిగలకుండా ట్యాంకును కొత్త పెట్రోలుతో నింపి ఉంచాలి.