దిగుబడి లెక్కపై సలహా కోరుటకు ముందు నింపవలసిన ఫారము

రెండు వరి రకములను పక్కపక్కన వేసి చూచితిమి, ఏది మేలో చెప్పుడని పలువురు మా కార్యాలయమునకు వచ్చుచుందురు. చేతిలో ఒక చీటీ యుండును, దానిపై రెండు అంకెలుండును. ఆ రెండు అంకెలతోనే ఏ గణాంక శాస్త్రజ్ఞుడును జవాబు చెప్పలేడు. అందుచేతనే ముందుగా ఒక పుట ఫారము నింపి తెమ్మని అడుగుచున్నాము. మరియొక సర్కారు కాగితమా యని మీరు విసుగుకొనవచ్చును. కాగితములు ఎక్కువైన మాట నిజమే గాని, ఈ ఒక్కటి మాత్రము మీ డబ్బును కాపాడునది.

ముత్తుకూరు వైపు, సముద్రమునకు చేరువనున్న ఒక గ్రామము నుండి ఒక పెద్దాయన వచ్చినారు. వారి పొలము చౌడు నేల. రెండు పంటలుగా సగము పొలమునకు జిప్సం వేసి, సగము వేయక విడిచినారు. వేసిన సగములో రెండు పంటలలోను దిగుబడి హెచ్చుగా వచ్చినది. అప్పు తెచ్చి మిగిలిన పొలమంతటికిని జిప్సం తోలదలచితిని, తోలవచ్చునా అని వారి ప్రశ్న. ఫారములో పొలము పటము గీయుమని ఒక గడి యున్నది. వారు గీసిన పటము చూడగానే చిక్కు బయటపడినది. జిప్సం వేసిన సగము సాగునీటి కాలువ వైపు, వేయని సగము పల్లమున బకింగ్‌హాం కాలువ వైపు ఉన్నవి. మంచి నీరు మొదట పారునది ఒకచోట, ఉప్పు నీరు ఊరునది మరియొకచోట. దిగుబడి హెచ్చినది జిప్సం వలననా, మంచి నీటి వలననా? ఈ రెంటిని విడదీయు లెక్క లోకములో లేదు.

"అయితే రెండు పంటల కష్టము బూడిదలో పోసిన పన్నీరేనా సారూ?" అని వారడిగిరి. నాకు జవాబు తోచలేదు.

ఫారములో మట్టి పరీక్ష ఫలితము వ్రాయుటకును ఒక గడి కలదు. అది ఖాళీగా నుండుటచే మట్టి పరీక్ష చేయించితిమి. ఉప్పు హెచ్చుగా నున్నది గాని ఉదజని సూచిక 8.5కు లోపుగనే యున్నది, అనగా అది పాల చౌడు. జిప్సం పనిచేయునది కారు చౌడునకు. పాల చౌడునకు విరుగుడు గట్లు వేసి మంచి నీరు నిలిపి, కరిగిన ఉప్పును మురుగు కాలువకు వదలుట. వారు అప్పు ప్రయత్నము మానుకొనిరి.

ఇట్టి చిక్కు మనకే వచ్చినది కాదు. ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రములో 1919లో చేరిన ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు పొలములోని ఎగుడుదిగుళ్లు, సారములోని తేడాలు ఫలితమును చెరుపకుండ ప్రయోగము వేయు పద్ధతులను ఏర్పరచెను. 1938లో ఆయన కలకత్తా వచ్చినపుడు, ప్రయోగము ముగిసిన పిమ్మట గణాంకకుని పిలుచుట శవపరీక్షకు పిలుచుట వంటిదని హెచ్చరించెను.

పద్ధతి కష్టమైనది కాదు. కాలువ నుండి పల్లము వరకు పొలమును అడ్డముగా నాలుగు భాగములు చేయుడు. ప్రతి భాగమును పక్కపక్కన రెండు మడులుగా గట్టు వేసి విడదీయుడు. అపుడు జంట మడులు రెండును కాలువకు సమాన దూరములో నుండును. ఏ మడిలో ఏ రకము వేయవలెనో ప్రతి జంటకును రూపాయి బిళ్ల ఎగురవేసి నిర్ణయింపుడు. మీరే ఎంచినచో, మీకు నచ్చిన రకము తెలియకుండగనే మంచి మడికి పోవును. నా అనుభవములో ఈ మాటకు నవ్వని రైతు లేడు, ఒప్పుకొనని రైతును లేడు.

కొలత గడి చిన్నదైనను తప్పులు ఎక్కువగా దొరలునది అక్కడనే. నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఇతర జిల్లాలవారు 75 కిలోల బస్తాలలో చెప్పుదురు. ఏ కొలతయో వ్రాయుడు. తేమయు వ్రాయవలెను. 24 శాతము తేమగల 100 కిలోల ధాన్యము 17 శాతమునకు ఆరినచో సుమారు 91½ కిలోలగును. ఒక రకము పచ్చిగను, మరియొకటి ఆరిన పిమ్మటను తూచినచో, లేని తేడా ఉన్నట్లు కనబడును. మడి పొడవు వెడల్పులు అడుగులతో గాక టేపుతో కొలువుడు.

ఎలుకలు కొట్టిన మడి, తుపానుకు పడిపోయిన మడి ఉన్నచో దాచక వ్రాయుడు. బాగున్న మడులనే చూపినచో లెక్క మిమ్ములనే మోసగించును.

చివరి ప్రశ్నను అందరును వదలివేయుదురు: "జవాబు వచ్చిన పిమ్మట ఏమి చేయుదురు?" దీనికి పెద్ద గడి విడిచినాము. విత్తనము మార్చుటకా, అప్పు తెచ్చుటకా, ఊరివారికి చెప్పుటకా? అప్పు చేయుటకైనచో మరింత గట్టి రుజువు కావలెను, మడులు పెంచవలెను.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మాట. ఫారమును బల్ల వద్ద కూర్చుండి మీరే నింపవలదు. గట్టు మీద నిలిచి రైతును అడిగి నింపుడు. తెలియని గడిని ఖాళీగా విడువుడు. ఊహించి వ్రాసిన అంకె కంటె ఖాళీ గడియే మాకు మేలు.

ముత్తుకూరు వైపు పెద్దాయన ఈసారి రెండు వరి రకములను పోల్చదలచి, ముందుగనే ఫారము తెచ్చినారు. బిళ్ల ఎగురవేయు పని మనుమరాలికి ఒప్పగించినారట. మీరును నారు పోయుటకు ముందే వచ్చినచో, ఫారమును మీతో కూర్చుండి చూచెదము.