మినుకుమను దీపము చెప్పు మాట

ఇంటిదీపము కొడిగట్టినచో కొడి దులిపి ఒత్తి నెగద్రోయుదుమే గాని ప్రమిదను పారవేయము. పాత కారులో ఎయిర్ కండిషను మీటపై వెలుగు చిన్నదీపము విషయమున మాత్రము మనలో పలువురు తొందరపడుదురు. అది వెలుగకున్న యంత్రమంతయు చెడినదనియు, మినుకుమినుకుమన్న దీపమే చెడినదనియు తలతురు. రెండును పొరపాట్లే కావచ్చును.

1940వ సంవత్సరపు ప్యాకార్డు కారులో ఈ చల్లగాలి యంత్రము నమర్చి అమ్మిరి. దాని నాపవలెనన్న ఇంజను నిలిపి, మూత యెత్తి, బెల్టును చేతితో తీయవలసి యుండెను. మీటయు, దీపమును తరువాత వచ్చిన సౌకర్యములు. అయితే పెక్కు కార్లలో ఆ దీపము మీట నొక్కబడినదని మాత్రమే తెలుపును. గాలి చల్లబడినదని తెలుపదు.

కావున ముందుగా ఇంజను నడువనిచ్చి, ఫాను తిప్పి, పిమ్మట మీట నొక్కవలెను. ఫాను తిరుగనిదే పెక్కు కార్లలో దీపము వెలుగదు. దీపము లేకున్నను గాలి చల్లగా వచ్చుచున్నచో, మీటలోని బల్బు మాడి యుండవచ్చును. యంత్రమునకు లోపము లేదు. దీపమును, చల్లదనమును రెండును లేనిచో ఫ్యూజును చూడవలెను. మాడినదానికి బదులు అదే పరిమాణము గలది వేయవలెను. పెద్దది వేసినచో తీగలు కాలును.

దీపము వెలుగుచుండియు గాలి వెచ్చగా నున్నచో, మీట నొక్కినపుడు “టక్కు”మను శబ్దము వచ్చునేమో కూర్చున్నచోటి నుండియే వినవలెను. అది కంప్రెసరును బెల్టుతో జతపరచు క్లచ్చి శబ్దము. రానిచో లోని వాయువు తగ్గి యుండవచ్చును. వాయువు పెట్రోలువలె ఖర్చగునది కాదు. తగ్గినదన్న నెచ్చటనో కారుచున్నదన్నమాట. ఆ చోటు కనుగొనక నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఇక మినుకుమను దీపము. 1990 ప్రాంతపు కొన్ని జపాను కార్లలో కంప్రెసరు వేగమును ఇంజను వేగముతో పోల్చిచూచు సాధన మొకటి కలదు. బెల్టు వదులై జారినను, కంప్రెసరు బిగిసిపోయినను అది కంప్రెసరును విడదీసి, దీపమును మినుకుమనిపించును. ఏలయన, అదే బెల్టుతో నీటిపంపు కూడ నడచు కార్లలో బెల్టు తెగినచో ఇంజను వేడెక్కి, పసిపిల్లలతో నడుదారిలో నిలిచిపోవలసి వచ్చును. కావున మీటను మాటిమాటికి నొక్కక, ఆర్పివేసి, కిటికీలు తెరచి ఇల్లు చేరుట మేలు. పిమ్మట మెకానిక్కు కంప్రెసరు మార్చవలెనన్నచో, “బెల్టు బిగువు చూచితిరా? ఆ సాధనపు తీగ చూచితిరా?” అని యడుగుటకు సంకోచింపరాదు. ఆ రెండు ప్రశ్నలతో పెద్ద వ్యయమే తప్పవచ్చును.

ఒక్క హెచ్చరిక. ఇంజను తిరుగుచుండగా దానిపై వంగరాదు. పమిటచెంగు గాని జడ గాని బెల్టునకు చిక్కిన ప్రాణాపాయము. వాయుగొట్టములను మనము విప్పరాదు. వెలువడు వాయువు సోకిన కన్నులకు, చర్మమునకు హాని కలుగును.

మినుకుమను దీపమును విసుగుకొనకుడు. అది చెడినదని కాదు, మనలను కాపాడుచున్నదని యెరుగుడు.